తప్పనిసరి స్కాన్

“సంతకం లేకుండా తలుపు తియ్యను డాక్టరమ్మా. కాళ్ళావేళ్ళా పడ్డా తియ్యను,” అన్నాడు స్కాన్ బాబాయ్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆసుపత్రిలో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. తలలోపలి ఫొటోలు తీసే పెద్ద యంత్రం ఆయన చేతిలో ఉంది కాబట్టి అందరికీ స్కాన్ బాబాయే. ఎమర్జెన్సీ వార్డునుంచి వచ్చిన చిన్న డాక్టరమ్మ ఆయన ముందు నిలబడి రొప్పుతోంది.

“బాబాయ్, కాస్త వినండి. టైలరు. మిషను మీద కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయాడు. ఆగిన గుండెని నొక్కి నొక్కి మళ్ళీ కొట్టించాం. ఇది గుండెపోటే అంటూ పెద్ద డాక్టరు రక్తం పలచబడే ఇంజెక్షను పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళావిడేమో, పొద్దున్నుంచీ తల పగిలిపోతోందన్నాడని ఏడుస్తోంది. తలలో నరం చిట్లి ఉంటే ఆ ఇంజెక్షనుతో మనిషి దక్కడు!”

“అందుకేగా ఈ రూలు పెట్టిందీ!”

బాబాయ్ తలుపుమీద అంటించిన కాగితం చూపించాడు. గుండె ఆగి మళ్ళీ కొట్టుకున్న ప్రతి రోగికీ తల స్కాన్ తప్పనిసరి అని ఉంది. దాని కిందే ఇంకో ముక్క: మెదడు డాక్టరు సంతకం ఉంటేనే.

“ఆయన మీటింగులో ఉన్నారు, ఫోనెత్తడం లేదు. సంతకం తరవాత పెట్టిస్తాను, పూచీ నాది.”

“పోయిన నెలా ఒకాయన పూచీ నాదే అన్నాడు. మెమో మాత్రం నాకొచ్చింది. రెండేళ్ళలో రిటైరవుతున్నాను తల్లీ, నా నోట్లో మట్టి కొట్టకండి.”

“పెద్ద డాక్టరు పది నిమిషాలకంటే ఆగనన్నారు బాబాయ్!”

“మరి నాతో వాదిస్తూ నిలబడతారేం? పరుగెత్తండి!”

ఆమె పరుగెత్తింది. బాబాయ్ కుర్చీలో కూలబడ్డాడు. గదిలో యంత్రం ఖాళీగా ఉంది. మూడు నిమిషాల పని. తీసేస్తే ఏం పోయిందని మనసు పీకుతూనే ఉంది. పాడు రూలు, రాసినవాడి చేతులు పడిపోనూ అని తిట్టుకున్నాడు కూడా. తిట్టుకున్నాడు గానీ తాళంచెవి జేబులోంచి తియ్యలేదు. ఇంత వయసొచ్చినా పై వాళ్ళంటే ఆయనకి గుండెల్లో దడే.

పది నిమిషాలయింది. ఇరవై అయింది. ఉండబట్టలేక ఎమర్జెన్సీకి ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. చదువుకున్న డాక్టరు, ఆమాత్రం ఆగే ఉంటాడులే అని తనకు తనే సర్దిచెప్పుకున్నాడు.

అరగంట దాటాక వరండాలో స్ట్రెచరు చప్పుడైంది. డాక్టరమ్మ జుట్టంతా రేగిపోయి ఉంది. చేతిలో కాగితం, దానిమీద మెదడు డాక్టరు సంతకం.

“హమ్మయ్య, సాధించారు! రండి రండి,” అంటూ బాబాయ్ పరుగున తలుపు తీసి, అద్దం వెనక తన గదిలోకి వెళ్ళి మీటలముందు కూర్చున్నాడు. “మెల్లిగా ఎక్కించండి. నోట్లో గొట్టం జాగ్రత్త. ఊపిరి మిషను తగిలించారా?”

ఆమె తల వంచుకుని స్ట్రెచరు యంత్రం పక్కకి నెట్టింది. అలిసిపోయి ఉంటుంది, పాపం అనుకున్నాడు. ఆమె వచ్చి పక్కనే నిలబడగానే యంత్రం నడిపాడు. తెరమీద బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. మెదడు నిండా తెల్లటి మరకలు. ముప్పై ఏళ్ళుగా ఆ తెలుపు చూస్తున్నవాడికి ఇంకొకరు చెప్పక్కర్లేదు.

“అమ్మ బాబోయ్! రక్తమే! మీరన్నదే నిజం డాక్టరమ్మా!” బాబాయ్ కుర్చీలోంచి లేచి ఫోను అందుకుని ఆమె చేతిలో పెట్టబోయాడు. “ఆ ఇంజెక్షను ఆపమని చెప్పండి, ఊఁ! ఆపరేషను గదికి కబురు చెయ్యండి. అలా చూస్తారేంటమ్మా, ఒక్కో నిమిషం ప్రాణంతో సమానం!”

డాక్టరమ్మ ఫోను తీసుకోలేదు.

“ఇంజెక్షను ఎప్పుడో ఇచ్చేశారు బాబాయ్. మనిషి పోయి పావుగంటయింది. తప్పనిసరి స్కాను లేనిదే శవాన్ని ఇంటికి పంపరట.”