అడ్డంగా నడిపిన పడవ

"ఆ నల్లగీత కూడా చెరిపెయ్యమ్మా. రేపు పొద్దున్నే రిపోర్టు పంపాలి," అన్నాడు బాబాయి. ఆ సర్వే ఆఫీసు ఆయనదే.

తెర మీద ఉన్నది సముద్రపు అడుగు. పడవ వెనక లాగే సోనార్ పరికరం శబ్దంతో తీసే ఆ బొమ్మ ఒకచోట తెల్లగా, ఒకచోట నల్లగా వస్తుంది. ఆ హెచ్చుతగ్గుల్ని సమం చేయడం నా పని. ఉన్నదాన్ని లేదనడం కాదు.

"అది గీత కాదు బాబాయ్, ఫ్యాక్టరీ మురుగు గొట్టం."

"దాన్ని మూడేళ్ళ కిందటే తీసేశారుగా! బొమ్మలో ఏమీ లేదని మనమే సర్టిఫికెట్ ఇచ్చాం."

"అప్పుడు పడవ గొట్టం పొడుగునా నడిచింది. బొమ్మ పొడుగునా గొట్టం పడవకు ఒకే దూరంలో గీతలా కనపడేసరికి, అది సోనార్ లోపమేనని సాఫ్ట్‌వేర్ చెరిపేసింది. ఈసారి పడవను అడ్డంగా నడిపించాను. చూడు, సాఫ్ట్‌వేర్ దాన్ని చెరపడం లేదు."

బాబాయి తలుపు మూసి వచ్చాడు.

"నా ఆఫీసు పోతే పోయింది. ఆ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన మనిషి గతేంటి? ఇంకెవరైనా పని ఇస్తారా?"

"ఇవ్వరు."

"తెలిసీ ఎందుకే ఈ మొండితనం?"

"చెరపనంటే చెరపను."

ఆయన విసురుగా వెళ్ళిపోయాడు. నేను పాత సర్టిఫికెట్ తీసి, 'ఇది తప్పు' అని దాని మీద పెద్దక్షరాలతో రాసి, రిపోర్టుకు జతచేశాను.

సర్టిఫికెట్ అడుగున, 'బొమ్మ సరిచేసినవారు' అన్నచోట, మూడేళ్ళనాటి నా సంతకం ఉంది. దాని పక్కనే ఈరోజు తేదీ వేసి, మళ్ళీ సంతకం పెట్టాను.