కేకలు మానని ప్రొటీన్

“మళ్లీ సెప్పమ్మా. ఆ పురుగు పేరేటి?”

“పురుగు కాదు తాతా, ప్రొటీన్. టీజీఎఫ్ బీటా.”

నిస్సీ ముసలాయన జబ్బకి రబ్బరు పట్టీ బిగించి సూది గుచ్చింది. ఉద్దానంలో కిడ్నీలు పాడైన నలభై మందికి ఒక కొత్త మాత్ర ఇచ్చి చూస్తున్నారు. నెలకోసారి పలాస నుంచి స్కూటీ మీద వచ్చి, వాళ్ల నెత్తురు పట్టుకెళ్లడం, ఖాళీ అట్టలు చూసుకోవడం ఆమె పని. అంతకుముందు వచ్చే అవినాష్ టెక్కలికి మారిపోయాడు. ఆరు నెలల కిందట ఆమె జాబితా పట్టుకుని మొదటిసారి ఈ జీడితోటలోకి వచ్చి, “కూర్మనాథం గారిల్లేనా?” అని అడిగింది. “ఔనమ్మా, రా, కూకో,” అని ముసలాయన చెంబుతో నీళ్లిచ్చాడు.

ఇంటిముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలుంటాయి. ఒకదాంట్లో ఆయన కూర్చుంటాడు. రెండోదాంట్లో ఎవరినీ కూర్చోనివ్వడు. నిస్సీకి నులకమంచమే.

“ఇంతకీ అదేటి సేత్తాది?”

“కణాలకి కబురు మోస్తుంది. ఎక్కడైనా దెబ్బ తగిలితే ‘రండి, పూడ్చండి’ అని కేకేస్తుంది. గాయం మానాక ఆపెయ్యాలి కదా? పాడైన కిడ్నీలో ఆపదు. పూడ్చినదాని మీదే పూడ్పించి, కిడ్నీ అంతా మచ్చ కట్టించేస్తుంది.”

“అచ్చం మా సత్యవేదం బావే.”

నిస్సీ నవ్వింది. ఆ పేరు రాకుండా ఏ నెలా గడవలేదు. ఈయన గుడికి, ఆయన బాప్టిస్టు చర్చికి పోయినా, బావా బావా అనుకుంటూ ఇద్దరూ ముప్పై ఏళ్లు ఈ తోటలోనే జీడిపిక్కలు ఏరారట. పెళ్లాలు పోయాక ఒకే పొయ్యి మీద వండుకున్నారట. మొన్న వానల్లో సత్యవేదం పోయాడని మొదటిరోజే చెప్పాడు.

“ఆడు డొంకూరు ఒడ్డున నిలబడి కేకేత్తే పడవలు ఎనక్కి తిరిగేవి. ఓపాలి తుఫానే తిరిగిపోనాది.”

“తుఫానా?”

“ఒడిశా ఎల్లిపోనాది. ఆళ్లు ఇప్పటికీ తిడతన్నారు.”

“అలాంటి నోరు నొక్కే మందే తాతా ఇది.”

“పూర్తిగా నొక్కెత్తే?”

“అదే చిక్కు. గాయాలు మాన్పేదీ ఆ ప్రొటీనే. పూర్తిగా నొక్కేస్తే చిన్న గీత కూడా మానదు. కొంచెమే అణచాలి. మీకేమైనా దెబ్బలు తగిలాయా?”

“కత్తిపీటకి ఏలు తెగింది. నాలుగు రోజుల్లో మానిపోనాది.”

నిస్సీ ఆ వేలు పట్టుకుని చూసింది. మిగతావాళ్లకి నెలైనా మానడం లేదు.

“మాత్రలు సరిగ్గా అవుతున్నాయా?”

“పొద్దున్న ఎనిమిదికి ఒకటి. ఒక్కరోజు తప్పలేదు.”

అట్టలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

“ఇంక ఎన్నాళ్లొత్తావమ్మా?”

“ఈ నెలతో ఆఖరు కావాలి.”

ముసలాయన ఖాళీ కుర్చీ వైపు చూశాడు. “నువ్వెల్లినాక ఈ తోటలో నా మాటినేవోళ్లు లేరు. కాకులు కూడా ఇనీసినాయి నా కబుర్లన్నీ.”

“కంగారు పడకండి. మంచి మాటే చెప్పడానికి వచ్చాను,” అంది నిస్సీ. “ముప్పై తొమ్మిది మందికి ఏ మార్పూ లేదు. కిడ్నీ వడకట్టాల్సిన క్రియాటినిన్ మీ నెత్తురులో మాత్రం మూడున్నర నుంచి ఒకటికి దిగింది. నేను వచ్చినప్పటి నుంచీ ఒకటి దగ్గరే ఉంది.”

“నీ సెయ్యి మంచిది.”

“మచ్చ కట్టిన కిడ్నీ ఇలా వెనక్కి రావడం డాక్టర్లు ఎక్కడా చూడలేదట. వచ్చేవారం విశాఖ నుంచి మిమ్మల్ని చూడ్డానికి వస్తున్నారు. మీ ఒక్కరి మీద ఆశతో ఇంకో ఏడాది పొడిగించి, అందరికీ మోతాదు పెంచుదామంటున్నారు. నేను నెలనెలా వస్తాను.”

ముసలాయన మొహం వెలిగింది. కాసేపే.

“ఈ మాత్రే మింగే పక్కూరి అసిరమ్మ కాలిపుండు మానిందేటి?”

“లేదు. మూడు నెలలైంది.”

“దానికీ పెంచుతారా?”

“అందరికీ.”

“మరి పుండు?”

“ఇంకా ముదరొచ్చు. కానీ మీలా బాగుపడితే…”

ఆయన లేచాడు. “రామ్మా. ఒకటి సూపిత్తాను.”

ఇంటి వెనక జీడిచెట్టు కింద మనిషి పొడుగున ఇసుక దిబ్బ ఉంది. తలవైపు తులసి మొక్క. మొక్క మొదలు దగ్గర తడి ఇంకా ఆరలేదు.

“సత్యవేదం గారి సమాధా?”

ప్రతి ఆదివారం పలాసలో చర్చికెళ్లే నిస్సీ తులసిని వింతగా చూసింది. “బాప్టిస్టు మనిషికి తులసి నాటారేంటి తాతా?”

ఆయన వంగి, మొక్క పక్కన ఇసుక గీరాడు. తెల్లటి మాత్రలు బయటపడ్డాయి. కొన్ని సగం కరిగాయి. నిన్న మొన్నటివి గుండ్రంగానే ఉన్నాయి.

“రోజుకొకటి,” అన్నాడు. “ఎనిమిదికి.”

“మీ మందు ఆయనకెందుకు పెట్టారు?”

ముసలాయన రెండుసార్లు నోరు తెరిచి మూసేశాడు. మూడోసారి వచ్చిన గొంతు, పక్కనే నిలబడ్డ ఆమెకే సరిగా వినపడలేదు.

“నాను సత్యవేదాన్నమ్మా.”