కూతకు ముందు

బుడ్డోడు ఇవాళ కూడా చీకటితోనే లేచాడు. వాడు ఊరికే లేవడు. లేచిన కాసేపటికే గది నిండా కంపు.

అతను దుప్పటి ముక్కుదాకా లాక్కున్నాడు. అది చాలక దిండు కూడా అడ్డం పెట్టుకున్నాడు. సెంట్ల కొట్లో పనిచేసే మనిషి. మూత తీసీ తియ్యకముందే సీసాలో ఉన్నది గులాబీయో సంపెంగో చెప్పగల ముక్కు. అలాంటి ముక్కుకి పొద్దున్నే ఇదేం శిక్ష!

"కూత పడిందా?" అంది భార్య, కళ్ళు తెరవకుండానే.

"లేదు. వీడు ఇంకాసేపు పడుకుని ఉంటే నేనే చూసేవాణ్ణి. ఛ!"

ఆమె లేచింది. జుట్టు ముడేసుకుని, ఏడాదిన్నర కొడుకుని చంకనేసుకుని నీళ్ళగదికి నడిచింది. ఆమె అటు వెళ్ళిందో లేదో, ఊరవతల మిల్లు సైరను కూసింది.

ఆ ఇంటి ఒప్పందం అది. కూతకు ముందు లేస్తే అమ్మ వంతు, తర్వాత లేస్తే నాన్న వంతు. కడగడం, గుడ్డలు మార్చడం, జావ పట్టడం, వాడు ఆ జావని గోడకేసి కొడితే తుడవడం, సమస్తం.

ఒప్పందం ఊరికే పుట్టలేదు. ఆమె చొక్కాల కంపెనీలో కాలర్లు కుడుతుంది. నిద్ర చాలక మిషను మీదే తూలితే సూది వేలిగోట్లోంచి దిగింది. "వేలు సంగతి తర్వాత, చొక్కాకి రక్తం అంటింది చూడు," అన్నాడట సూపర్‌వైజరు. అప్పట్నించీ ఆమె ఉద్యోగం గాల్లో దీపం.

పక్కవాటా పెద్దమ్మ సలహాల మూట విప్పింది.

"వెలుతురు తగిలితే పిల్లలు లేస్తారే అమ్మాయ్. కిటికీకి మందపాటి తెర కట్టు."

కట్టారు.

"సాయంత్రం కునుకు తియ్యనివ్వకు."

మానిపించారు.

"రాత్రి కడుపునిండా పెట్టు."

పెట్టారు. నిద్ర పెరగలేదు గానీ, పొద్దుటి సరుకు పెరిగింది.

"అయితే కాళ్ళు చల్లబడుతున్నాయేమో. మేజోళ్ళు తొడుగు."

మేజోళ్ళు అతనే కొనుక్కొచ్చాడు. ఆమె లాగి చూసింది. "వదులుగా ఉన్నాయి కదండీ. జారిపోతాయి."

"బిగుతైతే రక్తం ఆడదు. పసికాళ్ళు."

అనుకున్నట్టే జారాయి. రోజూ తెల్లారేసరికి ఒకటి కాలికుంటే, రెండోది మంచం కింద ఉండేది.

"ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాడే నీ కొడుకు!" అంది పెద్దమ్మ. తర్వాత అతని వైపు తిరిగింది. "ఏం బాబూ, కూతకు ముందు లేస్తే మాత్రం నువ్వు చూడకూడదా?"

"నా ముక్కే మాకింత అన్నం పెడుతోంది పెద్దమ్మా. ఇది పాడైతే?"

"మరి దానిది ముక్కు కాక ఊదుగొట్టమా?"

ఒకే ఒక్కరోజు అతని వంతు వచ్చింది. ముందురోజు తలనొప్పికి బిళ్ళ వేసుకుని మొద్దులా నిద్రపోయాడు. కూత పడింది. ఆ తర్వాత, తెల్లగా తెల్లారాక, లేచాడు బుడ్డోడు.

"ఏవండీ, మీ వంతు!" అంది ఆమె. గొంతులో నవ్వు. అటు తిరిగి మళ్ళీ పడుకుంది.

అతను ఊపిరి బిగబట్టి గుడ్డ విప్పాడు. వీపుదాకా పాకి ఉంది. రాత్రి తిన్న బఠాణీలు తిన్నవి తిన్నట్టే కనిపించాయి. బుడ్డోడు అందులో చెయ్యి పెట్టి, అదే చేత్తో "నాన్నా" అని ముద్దుగా బుగ్గ నిమిరాడు. అతను తలుపు పట్టుకుని భళ్ళున కక్కుకున్నాడు. చివరికి అదీ తనే కడగాల్సొచ్చింది.

చర్మం ఊడేలా తోముకున్నాడు. అయినా కొట్లో గులాబీ సీసా మూత తీస్తే అదే కంపు. కొనడానికొచ్చిన పెద్దావిడ ఎదుటే ఓక్‌మన్నాడు. ఆవిడ చీర సవరించుకుని, తన ఒంటినే ఓసారి వాసన చూసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భార్య మొహం తుడిచిన అద్దంలా ఉంది. "ఇవాళ ఒక్క కాలరూ వంకరపోలేదండీ. ఇలా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో! వీడు దారికొచ్చినట్టే."

"వస్తాడు, వస్తాడు," అన్నాడు అతను, గోళ్ళు వాసన చూసుకుంటూ.

రాలేదు. మర్నాటి నుంచీ మళ్ళీ పాతపాటే. సరిగ్గా కూతకు కాస్త ముందు కేర్‌మని లేచేవాడు.

"కడుపులో గడియారం పెట్టుకుని పుట్టాడే వీడు," అని పెద్దమ్మ కూడా చేతులెత్తేసింది.

నిన్న సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి గుమ్మంలోనే కూలబడింది.

"మళ్ళీ తూలాను. రేపు పెద్ద ఆర్డరట. ఒక్క కుట్టు తప్పినా, ఎల్లుండి నుంచి రావద్దన్నాడు."

రాత్రి మేజోళ్ళు తొడిగి, జారకుండా రెండు కాళ్ళకీ రిబ్బను ముడి వేసింది. ఆ పాదాలు మొహానికి ఆనించుకుంది.

"రేపొక్కరోజు కూతదాకా పడుకోరా నాన్నా. నీ కాళ్ళు పట్టుకుంటున్నాను."

"పడుకుంటాడులే. నువ్వు నిశ్చింతగా నిద్రపో," అన్నాడు అతను, రోజూ పెట్టుకునే మంచినీళ్ళ గ్లాసు తలగడ పక్కన సర్దుకుంటూ.

ఆమె నిజంగానే నిశ్చింతగా నిద్రపోయింది.

కూతకు ఇంకా కాస్త టైముందనగా అతను మెల్లగా లేచి, రిబ్బను ముడి విప్పి, మేజోడు లాగి మంచం కింద పడేసి, గ్లాసులో ముంచిన చల్లటి వేలితో బుడ్డోడి అరికాలు గీకాడు, రోజూ గీకినట్టే.