వెనకాలే వచ్చిన పడవ

మూడో రోజు కూడా ఆ బూడిదరంగు మరపడవ వాళ్ళ వెనకే ఉంది.

ముందు చూసింది భార్యే. తడి తువ్వాలు తాడు మీద ఆరేస్తూ తలెత్తితే, అర మైలు దూరంలో ఇంజను ఆపుకుని నిలబడి ఉంది. అందులో ఒక్కడే మనిషి. బట్టతల, మాసిన చొక్కా. వల లేదు, గాలం లేదు. ఇటే చూస్తున్నాడు.

"ఏమండీ, మళ్ళీ వచ్చాడు," అంది లోగొంతుకతో.

భర్త చుక్కాని వదలకుండానే వెనక్కి చూశాడు. సముద్రం ఎవడబ్బ సొమ్మూ కాదు, వాడి దారిన వాడు పోతున్నాడేమోలే అన్నాడు. అన్నాడే గాని ఆయన గొంతులోనూ మునుపటి ధీమా లేదు.

ఆమె పెద్దాసుపత్రిలో నర్సు. ఆయన లెక్కల మాస్టారు. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. ఆయన రెండు వేసవులు కష్టపడి తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. వారం రోజులకి ఓ చిన్న పడవ అద్దెకు తీసుకుని, తీరం వెంబడి ఒక్కో రేవూ చూసుకుంటూ తీరిగ్గా తిరిగొద్దామని బయల్దేరారు.

మొదటి రోజు చిన్నపిల్లల్లా గడిపారు. ఆమె పదింటిదాకా ముసుగు తీయలేదు. ఆయన వంట చేశాడు, మాడ్చాడు. మాడిందే బాగుందని ఇద్దరూ గిన్నె నాకేశారు.

ఇప్పుడు ముద్ద దిగడం లేదు. వీళ్ళు లంగరు వేస్తే అతనూ వేస్తున్నాడు. వీళ్ళు తెరచాప ఎత్తితే అతని ఇంజను మోగుతోంది.

నాలుగో రోజు పొద్దున, ఓ చిన్న రేవు మెట్ల దగ్గర ఆమె మంచినీళ్ళు పట్టుకుంటుంటే, ఆ మరపడవ మనిషి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. యాభై దాటినట్టున్నాడు. మాట్లాడే అలవాటు తప్పినవాడిలా కాసేపు తటపటాయించాడు.

"మీరిద్దరేనామ్మా?" అని అడిగాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"తిరిగి వెళ్ళేటప్పుడు ఒడ్డు పక్కనుంచి పోకండి. బాగా లోపలికెళ్ళి, చుట్టు తిరిగి రండి. ఎందుకంటే అక్కడ..."

ఆమె చివరిదాకా వినలేదు. సగం నిండిన క్యాను ఎత్తుకుని, వడివడిగా వచ్చి పడవెక్కేసింది. మనిషన్నవాడు లేని నడిసముద్రంలోకి పొమ్మంటున్నాడు, ఇంకా అర్థం కాలేదా అని భర్తని నిలదీసింది. సరదా చాలు, ఇంటికి పోదాం పదమంది. ఆయన కాదనలేదు.

వచ్చేటప్పుడు గాలివాటాన కాస్త దూరం నుంచే వచ్చారు గాని, ఇప్పుడు పంతం కొద్దీ ఒడ్డు పక్క దారే పట్టారు.

ఆ దారిలో ఒకచోట నీళ్ళ కింద రాళ్ళున్నట్టు మ్యాపులో గుర్తుంది. అక్కడ హెచ్చరికగా ఎర్ర పీపా ఒకటి తేలుతూ ఉంటుందనీ, అది కనబడగానే పక్కకి తప్పుకుంటే చాలనీ భర్త చెప్పాడు. దాన్ని కనిపెట్టే పని ఆమెకి అప్పగించాడు.

మధ్యాహ్నానికి గాలి ముదిరింది. పడవ ఒక పక్కకి ఒరిగి పరుగెడుతోంది. ఆమె ముందుకే చూస్తోంది గాని చెవులు మాత్రం వెనకే ఉన్నాయి.

మరపడవ చప్పుడు పెరిగింది.

అతను లేచి నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. నోరంతా తెరిచి ఏదో అరుస్తున్నాడు. గాలికి ఒక్క ముక్క వినబడలేదు.

ఆమె వైర్‌లెస్ అందుకుంది. ఎవడో దొంగ మూడు రోజులుగా వెంటపడి ఇప్పుడు మీదికొస్తున్నాడని గస్తీవాళ్ళకి చెప్పింది. బయల్దేరుతున్నామన్నారు.

అంతలో మరపడవ వాళ్ళని దాటేసి, సరిగ్గా ఎదురుగా అడ్డం తిరిగింది.

భర్త ఉన్న బలమంతా పెట్టి చుక్కాని తిప్పాడు. పడవ సముద్రం వైపు మళ్ళింది. ఆ వెంటనే వెనక ఫెళ్ళుమని చప్పుడైంది. ఆమె తిరిగి చూసేసరికి మరపడవ ముక్కు గాల్లోకి లేచి, బోర్లా పడింది.

"దేనికో కొట్టుకుంది. వెనక్కి తిప్పుతున్నా," అన్నాడు భర్త.

"వద్దు. దగ్గరికి రప్పించుకోడానికి అదో నాటకమేమో. గస్తీవాళ్ళు వస్తున్నారుగా, వాళ్ళే చూసుకుంటారు. పోనివ్వండి."

ఆయన రెండుసార్లు వెనక్కి చూశాడు. తర్వాత పోనిచ్చాడు.

ఇంటికి వెళ్ళే ముందు రేవు ఆఫీసులో ఆమె ఫిర్యాదు రాసిచ్చింది. అధికారి ఆ కాగితం చివరిదాకా చదివి పక్కన పెట్టాడు. మ్యాపు పరిచి, రాళ్ళున్న చోట వేలు ఆనించాడు. పోయిన నెల గాలివానకి ఎర్ర పీపా కొట్టుకుపోయిందనీ, కొత్తది ఇంకా రాలేదనీ, ఆ సంగతి బయల్దేరేముందే వాళ్ళకి ఎవరో ఒకరు చెప్పి ఉండాల్సిందనీ అన్నాడు. పడవ సముద్రం వైపు మళ్ళకపోయి ఉంటే నేరుగా ఆ రాళ్ళకే కొట్టుకునేదన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అతనికెలా ఉంది?"

"మావాళ్ళు చేరేసరికి ఇరవై నిమిషాలైందమ్మా. మనిషి దొరికాడు. ప్రాణం లేదు."

మునిగినవాడికి మొదటి ఐదు నిమిషాలంటే ఏమిటో ఆమెకి తెలుసు. పందొమ్మిదేళ్ళుగా ఎందరికో ఊపిరి మళ్ళించిన చేతులు ఆమెవి. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది.

ఆయన మీ జీతగాడా అని భర్త అడిగాడు. కాదన్నాడు అధికారి. జంటగా పడవ తీసుకుని ఎవరు బయల్దేరినా, వాళ్ళు క్షేమంగా తిరిగొచ్చేదాకా వెనకాలే తిరిగేవాడట. తెలిస్తే వాళ్ళ సరదా పాడవుతుందని, ఎవరికీ చెప్పనిచ్చేవాడు కాదట.

"అయితే ఇక్కడి జాలరా?" అంది ఆమె.

"కాదమ్మా, ఏడేళ్ళ కిందట మీలాగే భార్యతో వారం రోజుల షికారుకి వచ్చాడు, ఆ రాళ్ళ దగ్గర ఆవిడ పోయాక, ఇంటికి తిరిగి వెళ్ళనే లేదు."