నాలుక కింద

"మాత్ర ఎక్కడ పారేశావే?" తండ్రి కూతురి చెంప ఛెళ్లుమనిపించాడు.

ఒక్క అంతస్తు ఎక్కలేక పిల్ల మెట్ల మీదే కూలబడి రొప్పుతోంది. "మింగేశా నాన్నా."

"మీ అమ్మా ఇదే మాట అనేది. మందులన్నీ దిండు కింద దాచి, హెచ్ఐవీతో పోయింది!" జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. "నాలుక ఎత్తు!"

రోజూ మాత్ర వేశాక ఆ ఇంట్లో ఇదే తనిఖీ. పిల్ల నెత్తురోడుతున్న నోరు తెరిచి, నాలుక ఎత్తింది.

నర్సుగా పనిచేసే పిన్ని పైనుంచి పరుగెత్తుకొచ్చి అతన్ని ఒక్క తోపు తోసింది. "చంపేస్తావా ఏంటి బావా? మొన్నటి రక్తపరీక్షలో వైరస్ కనబడనే లేదు. ఇది ఒక్క మాత్ర కూడా మానలేదు!"

"మరి ఈ ఆయాసం?"

పిన్ని పిల్ల పాదం నొక్కింది. వేలు తీసినా గుంట పూడలేదు. "నీరు పట్టింది చూడు. గుండె బావా. ఈ జబ్బున్న పిల్లలకి గుండె కూడా దెబ్బతినొచ్చు. నువ్వేమో ఎప్పుడూ నోరే చూశావు. పద ఆసుపత్రికి!"

అతను మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల గుండెకు చెవి ఆనించబోయాడు.

తండ్రి ముఖం దగ్గరికి రాగానే పిల్ల కళ్లు గట్టిగా మూసుకుని, నోరు తెరిచి, నాలుక ఎత్తింది.