నలభై దాటని బండి

"ఇవాళ ఏదో ఒకటి తేల్చన్నా. నువ్వు మారుస్తావా, గుంటూరులో మార్పించుకోమంటావా?"

కోటేష్ మినీ ట్రక్కు దిగకుండానే అరిచాడు. వెనక ఇరవై టిక్కీల మిరపకాయలు, బస్తా మీద బస్తా. పక్క సీట్లో అతని తల్లి సుబ్బరావమ్మ ఘాటుకి చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

కనిగిరి బస్టాండు వెనక రేకుల షెడ్డులో మెకానిక్ సిలార్ స్పానర్ కింద పెట్టి లేచాడు.

"పార్టు రాలేదు తమ్ముడూ."

"రెండు నెలల్నించీ ఇదే పాటా!"

"మద్రాసు నించి రావాలి. మొన్న వచ్చిందిగాని, అది వేరే బండిది. తిప్పి పంపించా."

స్పీడోమీటరు పక్కన పసుపు దీపం వెలుగుతూనే ఉంది. పొగగొట్టానికి బిగించిన ఆక్సిజన్ సెన్సార్ పాడైందని దాని అర్థం. అది పాడైతే ఎంత గాలికి ఎంత పెట్రోలు కలపాలో ఇంజనుకి తెలియదు. పెట్రోలు తాగుతుంది, ఎత్తు రోడ్డు మీద రొప్పుతుంది. నలభై దాటించబోతే బండంతా వణుకుతుంది.

"ఆ దీపం చూస్తుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడటంలా," అంది సుబ్బరావమ్మ.

"నీకెప్పుడు ఆడినయ్యమ్మా! పాలు పొంగితే భయం, ఫోను మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం."

సిలార్ నవ్వబోయి ఆగాడు. సుబ్బరావమ్మ నవ్వలేదు.

అప్పుడే కోటేష్ జేబులో ఫోను మోగింది. కమీషన్ వ్యాపారి బుల్లయ్య. ఫోను చెవికి దూరంగా పెట్టుకున్నా ఆయన గొంతు షెడ్డంతా వినపడింది.

"ఏరా, బయల్దేరావా? మళ్ళీ అందరికంటే వెనకొస్తావా? పోయినేడు గేటు దగ్గర మొదటి బండి నీదేగదరా! ఇప్పుడు ఎడ్లబండి నయం. ఇవాళ కూడా ఆలస్యమైతే రేపట్నించి లోడు ఇమాం హుస్సేన్‌కి ఇస్తా. తర్వాత నన్నని లాభం లేదు."

కోటేష్ మొహం మాడిపోయింది.

గుంటూరు మిర్చి యార్డు ముందు బండ్లు వచ్చిన వరసలోనే లోపలికి పోతాయి. ముందు పోయిన కాయని కొనేవాళ్ళు ముందు చూస్తారు. వరసలో వెనకబడితే మర్నాటి దాకా పడిగాపులే. అందుకే సీజన్లో కనిగిరి నుంచి కదిలిన ప్రతి డ్రైవరూ ముందున్నవాణ్ణి దాటాలనే చూస్తాడు.

"విన్నావా అన్నా? ఇంక నావల్లకాదు. గుంటూరులో గౌస్ బాషా అని ఉన్నాడు, గంటలో బిగిస్తానన్నాడు. సరుకు దించగానే పోతా."

సుబ్బరావమ్మ గబుక్కున బండి దిగింది. దిగటంలో చెప్పు జారినా చూసుకోలేదు. ఇవతలికొచ్చి కొడుకు వైపు తలుపు పట్టుకుంది.

"వద్దురా."

"ఎందుకొద్దు?"

"ఎవడో ఏ పాతదో తెచ్చి బిగిస్తాడు. నడిరోడ్డు మీద ఏదన్నా అయితే? చీమకుర్తి దగ్గర రాళ్ళ లారీలు ఎట్టా వస్తాయో నీకు తెలీదా? సిలార్, నువ్వన్నా చెప్పయ్యా."

సిలార్ పాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బండి టైరు వైపు చూశాడు.

"బయటి పార్టు వేస్తే ఇంజను పట్టేసినా పట్టేస్తది తమ్ముడూ. నలభైలో పోయినన్నాళ్ళు బండికేం కాదు. అది దాటిస్తే మాత్రం నాకు సంబంధం లేదు."

"నలభైలో పోతే నా పొట్ట కొట్టినట్టేగా! అమ్మా, తలుపొదులు."

ఆమె వదల్లేదు. వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది.

"పోయిన సీజన్లో సాయిరాం వాళ్ళమ్మతో నేను ఆస్పత్రికి పోయాన్రా. ఆ బట్టలు చూపించి మీ వాడివేనా అనడిగితే, ఆమె కాదంది. నాలుగుసార్లు కాదంది. నేను చెప్పాల్సొచ్చింది, వాడివేనని."

కోటేష్ స్టీరింగు మీద నుంచి చేతులు తీసేశాడు. సాయిరాం, అతనూ ఒకే బళ్ళో చదువుకున్నారు. ఒకే నెలలో లైసెన్సు తీసుకున్నారు. చీమకుర్తి దాటాక ఆగి ఉన్న లారీ కిందికి పోయింది సాయిరాం బండి.

రోడ్డు మీద ఇమాం హుస్సేన్ బండి రెండుసార్లు హారన్ కొట్టుకుంటూ దూసుకుపోయింది. కోటేష్ అటు చూసి పళ్ళు నూరుకున్నాడు గాని, తాళం తిప్పలేదు.

"ఈ వారం చూస్తా," అన్నాడు చివరికి. "ఒక్క వారమే. బుల్లయ్య కాళ్ళో వేళ్ళో పట్టుకుంటా."

"నా తల మీద చెయ్యేసి చెప్పు. నలభై దాటనని."

"నడిబజార్లో ఒట్లేందమ్మా!"

"వెయ్యి."

కోటేష్ చుట్టూ చూసి, చెయ్యి బయటికి చాపి ఆమె తల మీద పెట్టాడు. "దాటను. సరేనా? పొదిలిలో ఒకసారి, ఒంగోల్లో ఒకసారి ఫోన్ చేస్తా. నువ్వు ఆటోలో ఇంటికి పో."

బండి మూలుగుతూ కదిలింది. ఒక సైకిలు దాన్ని దాటిపోయింది. బండి మలుపు తిరిగేదాకా సుబ్బరావమ్మ ఎండలోనే నిలబడింది. తర్వాత షెడ్డులోకి వచ్చి స్టూలు మీద కూలబడింది.

సిలార్ గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు.

"వాడి లోడు పోయేట్టుంది పెద్దమ్మా," అన్నాడు మెల్లిగా.

"పోనీయ్. ప్రాణం ఉంటే లోడ్లు అవే వస్తాయి."

"వారమన్నాడు. వారం తర్వాత నేనేం చెప్పేది?"

ఆమె నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, చెంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంకేదో చెప్పు నాయనా, నువ్వు విప్పి దాచిన ఆ మంచి సెన్సారు సీజన్ అయ్యాకే బిగిద్దువుగాని."