అడిగినదానికే జవాబు

"అక్కయ్యా, ఒప్పేసుకోండి! మీ టూల్ తాతల కాలంది!"

ఫోన్ స్పీకర్లో హడావుడి గొంతు. అతను అవతలి ఆఫీసు ప్రోగ్రామర్. ఈ ఆఫీసులో ఎవరూ అతని ముఖం ఎరగరు, గొంతు వినే 'హడావుడి' అని పేరు పెట్టారు.

బస్టాండు బోర్డు ప్రోగ్రాంలో ఒక్కో బస్సుకీ ఒక్కో ఆబ్జెక్ట్, అంటే ఆ బస్సు వివరాలన్నీ దాచే పెట్టె. కొత్తగా వేసిన ఏడో నంబరుకి మాత్రం టైము గడి ఖాళీగా వస్తోంది. ఈ తప్పు ఎవరు ముందు పట్టుకుంటే, తప్పులు వెతికే వాళ్ల టూలే సోమవారం నుంచి రెండు ఆఫీసులకీ. తీర్పరి హెడ్డాఫీసు మేడమ్, ఆవిడా ఫోన్లోనే.

హడావుడి వాడే రంగుల టూల్ గెలిస్తే రాజీనామా ఇస్తానని ఈ ఆఫీసు ప్రోగ్రామర్ అక్కయ్య ముందే చెప్పేసింది. పద్దెనిమిదేళ్ల ఉద్యోగం మరి!

"ఏడో నంబరు తెరిచాను," హడావుడి అరిచాడు. "దారి, టైము అన్నీ పచ్చగా ఉన్నాయి. పదీ నలభై! బోర్డు మీదకీ వచ్చేసింది. అసలు తప్పే లేదు!"

"మళ్లీ మొదట్నుంచి నడపండి తమ్ముడూ."

నడిపాడు. గడి ఖాళీ. ఆబ్జెక్ట్ తెరిస్తే టైము ఉంది. మూసి నడిపితే మాయం.

"ఇదేం దొంగాటండీ బాబూ!"

అక్కయ్య ఒక చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుంది. ఆవిడ టూల్లో కిటికీల్లేవు, రంగుల్లేవు. ఒక లైను అడిగితే ఒక లైను జవాబు. టైము ఎంత అని అడగలేదావిడ. టైము లెక్క కట్టారా అని అడిగింది. కట్టలేదంది టూల్.

"దొరికింది! తమ్ముడూ, మీ టూల్ అన్నీ చూపించాలన్న ఆత్రంతో తనే లెక్క కట్టించేస్తోంది. అందుకే మీరు తెరిచినప్పుడల్లా తప్పు తప్పించుకుంటోంది. నాది అడిగినదానికే చెబుతుంది. ఏడో నంబరుకి లెక్క కట్టమనే లైను రాయడం మరిచారు, అంతే."

ఆ లైను రాసింది.

"వచ్చింది అక్కయ్యా, వచ్చింది! పదీ నలభై!" గదంతా చప్పట్లు. అక్కయ్య ముఖం గర్వంతో వెలిగిపోయింది.

"దండం పెట్టేశాను అక్కయ్యా," అన్నాడు హడావుడి మనస్ఫూర్తిగా.

"మీ టూలే ఉంటుంది," అన్నారు మేడమ్. "ఇంతకీ ఆ రంగుల టూల్ మీద రాజీనామా దాకా ఎందుకండీ అంత పంతం?"

"అది అన్నీ చూపిస్తుంది మేడమ్, ఏదీ చెప్పదు."

అక్కయ్యకు పుట్టుకతోనే చూపు లేదు.